మూడు కత్తెర్ల మొక్కు

మా నాయనమ్మకు మీసం ఉండేది. ఆర్కాడు నుంచి శిస్తు లెక్కలు చూసే జమాబందీకి వచ్చిన తాసిల్దారు మసక వెలుతురులో ఆమెను చూసి, ఊరి పెద్ద అనుకొని, గుర్రం దిగి సలాం చేశాడని నేను అందరికీ చెబుతూ ఉంటాను. గుర్రం నేను చేర్చింది. తాసిల్దారు కూడా చాలావరకు నేను చేర్చినవాడే. మీసం మాత్రం నిజం.

పెళ్ళయిన కొత్తల్లో ఒకనాడు గడ్డం కింద చెయ్యి పెట్టుకొని ఆ కథే చెబుతుంటే, వేలికి ఏదో గరుకుగా తగిలింది. కథ మధ్యలో ఆగిపోయింది. నా కథ మధ్యలో ఆగడం మా వీధిలో అదే మొదలు.

గుడియాత్తంలో మాది కైలీలు నేసే ఇల్లు. తెలుగు దేశంలో లుంగీ అనేదాన్నే మా వైపు కైలీ అంటారు. నన్ను మేనత్త కొడుక్కే ఇచ్చారు. అంటే మా అత్త మా నాయనకు తోడబుట్టిన అక్క. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. అలిగి పుట్టింటికి వెళితే, అక్కడికీ అత్త తిట్లు స్పష్టంగా వినిపించేవి. మామ, బావ మగ్గాల దగ్గర. పొడుగాటి నిలువు పోగుల పడుగు ఒకటి ఎక్కిస్తే, దాని మీదే వరసగా ఎన్నో కైలీలు నేసి కోసేవాళ్ళు. అత్త, నేను రాట్నాల ముందు కూర్చొని, అడ్డంగా నేసే పేకనూలు కండెలకు చుట్టేవాళ్ళం.

ఒకరోజు కైలీలు కొనే షావుకారు మా కైలీని వెలుతురుకు ఎత్తి పట్టి, నేతలో నుంచి ఒక పొడుగాటి వెంట్రుకను లాగాడట.

"ఏమప్పా, కైలీ నేస్తా ఉండావా, సవరం అల్లతా ఉండావా?" అన్నాడట మామతో, నలుగురిలో.

మామ ఆ వెంట్రుకను తెచ్చి గడప మీద పెట్టాడు. ఇంట్లో అంత పొడుగు జుట్టు నాదే. అత్త నన్ను పెరట్లో ఎండకు కూర్చోబెట్టి, జడ విప్పి, పాయలు పాయలుగా తీసి చూసింది.  

"ఏమ్మే, పాపిట ఇంత వెడల్పయిందే. ఎద్దులబండి పోతాది."

"పోనీలే అత్తా. మామ పడుగు ఆరేసుకుంటాడు."

"గమ్మునుండు. నవ్వే మాటనా ఇది?"

ఆమె వేళ్ళు నా నడినెత్తిన ఒక్క చోటే తడుముతున్నాయి. నాకు భయం పుట్టింది అప్పుడే.

ఆ సాయంత్రమే అత్త పసుపు గుడ్డలో ముడుపు కట్టి తిరుపతి దిక్కు తిరిగి దండం పెట్టింది. కోడలి తల ఇస్తానని మొక్కింది. ముత్తయిదువలు తల ఇస్తామంటే మా వాళ్ళలో మూడు కత్తెర్లే. మంగలి జుట్టు కొసలు మూడుసార్లు కత్తిరిస్తే మొక్కు చెల్లినట్టే. కానీ అత్త మొక్కింది అది కాదు.

"మూడు కత్తెర్లు కాదు సామీ. మొత్తం."

బోడితల అంటే మా వీధిలో చంటిపిల్లలకు, లేకపోతే మొగుడు పోయినవాళ్ళకు. బావ నిక్షేపంగా మగ్గం తొక్కుతూ ఉండగా నేను గుండుతో వీధిలోకి ఎలా పోవడం? పోనీ, దానికి ఏదో ఒక కథ అల్లుకోగలను. ఉన్నది తీసేసిన తర్వాత నడినెత్తిన మళ్ళీ మొలవకపోతే? దానికి కథ లేదు.

"ఒత్తుగా వస్తాదమ్మే. కత్తి పడితే యాడైనా ఒత్తుగానే వస్తాది," అంది అత్త.

గడ్డం మీది వెంట్రుకలకు మాత్రం కత్తి తగలనివ్వద్దని చెప్పింది కూడా ఈ అత్తే, ఒత్తుగా వస్తాయని. నేను నూలుపోగు మెలిపెట్టి వాటిని పీక్కునేదాన్ని.

"గడ్డానికి పడితే శాపం, తలకు పడితే వరం. ఇది తల, ఇది గడ్డం అని కత్తికి ఎట్ల తెలుస్తాది అత్తా?"

"దేవుడికి తెలుస్తాది."

బావను అడిగాను, గుండుతో ఉంటే నన్ను చూస్తావా అని. పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపకుండానే, "గుండయినా నువ్వే కదా," అన్నాడు. అది ఓదార్పో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈ లోపల ఇంకొక సంగతి జరిగింది. నెలసరి రోజుల్లో మేము నూలు ముట్టం. మూలన కూర్చుంటాం. రాట్నం ఒకటి ఆగిపోతే ఏ ఇంట్లో ఎవరు బయట ఉన్నారో వీధంతటికీ తెలిసిపోతుంది. నా రాట్నం నెలల తరబడి ఆగలేదు. నీళ్ళోసుకుందని అనుకున్నారు. కాదని నాకు తెలుసు. అంతకుముందూ అలాగే తప్పి, అలాగే వచ్చింది. కానీ కడుపుతో ఉన్నదాని తల గొరిగించరు కదా! అందుకని చింతకాయ కొరుక్కుంటూ వాకిట్లో నిలబడ్డాను. ఒక్క మాట అబద్ధం చెప్పలేదు. మిగతాదంతా వీధే అల్లుకుంది.

మంత్రసాని వచ్చి పొట్ట తడిమి ఉందంది. మళ్ళీ వచ్చి లేదంది. తిరుపతి ప్రయాణం దగ్గర పడుతోంది. అత్తకు ఓపిక పోయింది.

"రాయవేలూరు పోదాం పద. ఆడోళ్ళ ఆస్పత్రిలో దొరసాని ఉండాది. కడుపో కాదో తేల్చి చెప్తాది."

కాట్పాడి దాకా రైలు. అక్కడి నుంచి జట్కా. పాలారు వంతెన మీద పోతుంటే కింద ఒట్టి ఇసక. నా చేతులు జడను వదలలేదు.

దొరసాని డాక్టరుకు అరవం కొంచెం వచ్చు. పక్కనున్న నర్సమ్మ అరక్కోణం వైపు తెలుగు మనిషి, మాకు తెలుగు చేసి చెప్పింది. పరీక్ష అయ్యాక నర్సమ్మే చేతులు తుడుచుకుంటూ, "కడుపు లేదమ్మా," అంది.

"అట్లయితే గుండు కొట్టించొచ్చునా?" అంది అత్త వెంటనే.

నర్సమ్మ బిత్తరపోయింది. దొరసాని ఆ ప్రశ్నను రెండోసారి అడిగించుకొని, అప్పుడు నా నడినెత్తి చూసింది, గడ్డం తిప్పి చూసింది, నెలల సంగతి అడిగింది. ఆమె చెప్పింది నర్సమ్మ మాటల్లో ఇదీ:

"ఒంట్లో చిన్న చిన్న గ్రంథులు ఉండాయంట. అవి ఏవో రసాలు రక్తంలో వదుల్తాయంట. మీసం మొలిపించే మగరసం ఆడోళ్ళలో కూడా రవ్వంత ఉంటాదంట. ఈ పాపకు అది ఇంకొక రవ్వ ఎక్కువని అనుమానం. అందుకే గడ్డంలో ముదురుతాది, నెత్తిన పల్చబడతాది, నెలలు తప్పుతాయి."

"అదే రసం కింద మొలిపించి, పైన ఊడగొడతాదా? యాడైనా ఉండాదా ఇది!" అంది అత్త.

"వాన ఒకటే కదమ్మా. మడిలో పైరు లేస్తాది, కళ్ళంలో వడ్లు కుళ్ళతాయి," అంది నర్సమ్మ. ఇది దొరసాని చెప్పింది కాదు, ఆమె సొంతమే.

గుండు సంగతీ తేల్చేశారు. కత్తి పైనున్న వెంట్రుకను కోస్తుందే కాని వేరును తాకదు. గొరిగితే ఒత్తుగానూ రాదు, పల్చబడనూ పడదు. ఎలా ఉందో అలాగే వస్తుంది. మందు ఉందా అంటే, తనకు తెలిసి లేదని దొరసాని చెప్పింది. బిడ్డలు పుట్టవచ్చు, ఆలస్యం కావచ్చు అంది. ఆ రసాలకు హార్మోన్లని పేరు పెట్టారని తర్వాత ఎప్పుడో పత్రికలో చదివాను. ఆ పేరు ఆనాడే తెలిసినా నా గడ్డం ఆగేది కాదు.

"ఇది ఇంట్లో దిగి వస్తాదంట, నాయన వైపు నుంచైనా, అమ్మ వైపు నుంచైనా. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండాదా?"

"మా నాయనమ్మకు మీసం ఉండె. ఒకతూరి ఆర్కాడు తాసిల్దారు..." అని మొదలుపెట్టాను. అత్త నా తొడ మీద గిల్లింది.

"మా ఇంట్లో ఎవరికీ లేదమ్మా."

దొరసాని చూపు అత్త గడ్డం మీద నిలిచింది. అత్త కొంగు తల మీదికి లాక్కుంది.

తిరుగు రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో మేమిద్దరం ఒక మూల కూర్చున్నాం.  కాట్పాడి దాటాక అత్త కొప్పు విప్పింది. కొప్పులో సగం నా ఒళ్ళో పడింది. సవరం.

"చూడు," అని తల వంచింది. నడినెత్తిన చర్మం మెరుస్తోంది. ఇన్నేళ్ళూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండి నేను చూడలేదు.

"నాకు నీ వయసున్నప్పుడు మా అమ్మ నా తల మొక్కుకునింది. మొత్తం. నాకప్పటికే పెండ్లయిపోయింది, మీ మామ ఒప్పుకోలా. మూడు కత్తెర్లతో సరిపెట్టినాము. మిగిలింది ఆ సామే తీసుకుంటా ఉండాడు, దువ్వెన్లో ఒకటి, దిండు మీద ఒకటి. రాలిందంతా ఏరుకొని ఈ సవరం కట్టుకున్నా. నీ నెత్తి చూసినప్పుడు నా గుండె ఆగిపోయిందమ్మే. నా బాకీ నీ మీదికొచ్చిందనుకున్నా."

"మరి నాయనమ్మకు?"

"మా అమ్మకా? మీసం ఒక్కటే చెప్తావు నువ్వు. ఆమె నెత్తీ నీ అరచెయ్యీ ఒకటే."

"ఆమె ఏ దేవుడికి ఎగ్గొట్టింది అత్తా?"

అత్త నా ఒళ్ళోని సవరం తీసుకొని వేళ్ళకు చుట్టుకుంది. లత్తేరి స్టేషను వచ్చింది, పోయింది.

"ఆమె ఎవరికీ బాకీ లేదే," అంది చివరికి. కిటికీలోంచి చూస్తూ, తనలో తాను అన్నట్టు, "పడుగులోనే తప్పుపోగు పడితే, ముందు కైలీ కోసి పారేసినా వెనక కైలీలో అదే గీత," అంది.

"అట్లయితే నా గుండు?"

"మొక్కు మొక్కే కదా."

 ఊరు చేరగానే తిరుపతి ప్రయాణానికి మూట కట్టడం మొదలుపెట్టింది. 

కొండ మీద మంగలి ముందు అత్త తనే ముందు కూర్చుంది. మామ అదిరిపడ్డాడు.

"ఏమే, నేను బతికుండంగానేనా?"

"ఆ తూరి నువ్వు అడ్డం పడినావు. ఈ తూరి గమ్మునుండు."

అత్త జుట్టు తడిగా ఆమె ఒళ్ళో పడింది. మంగలి కత్తి తుడిచి నా వైపు తిరిగాడు.

"అడుత్తు ఇంద పొణ్ణా?" ఈ పిల్లేనా తర్వాత అని.

 అత్త బోడితల తడుముకుంటూ నన్ను చూసింది. దొరసాని మాట ఒక పక్క, ఇన్నేళ్ళ భయం ఒక పక్క ఆమె ముఖంలో లాక్కుంటున్నాయి. మంగలి కత్తి పట్టుకొని కాచుకున్నాడు. నా జడ ఎవరిదో నాకే తెలియకుండా పోయింది.

"కత్తెర తియ్యప్పా," అంది అత్త. "దానికి మూడు చాలు."

ఊరికి వచ్చాక రోజూ పొద్దున అత్త నా ముందు కూర్చొని తల వంచేది. "వస్తా ఉండాదా?" చుట్టూ వచ్చింది. నడినెత్తిన ఎప్పటిలాగే, అక్కడొకటి ఇక్కడొకటి.

"నారుమడి మాదిరి లేస్తా ఉండాది అత్తా."

ఆమె అరచేత్తో తడుముకొని నవ్వింది.

"అబద్ధమాడితే ఆడపిల్లలు పుడతారంటారే."

నాకు నవ్వు రాలేదు. ఆడపిల్ల. ఆ ఇంటి నుంచీ ఈ ఇంటి నుంచీ ఒకే పడుగు.

అత్త నా ముఖం చూసింది. నా గడ్డం కింద వేలు పెట్టి, నేను పీకడం మరిచిన ఒక వెంట్రుకను పట్టి చూసి వదిలేసింది.

"పుట్టనీ," అంది. "దాని తల మాత్రం ఎవరికీ మొక్కబాకు."