గుర్రానికి పెట్టిన ఉలవలు

నా చిన్నప్పుడు మేము రంగూనులో గుర్రాల వెనక బతికేవాళ్ళం. మాటవరసకి అనడం లేదు. మా గదుల వరసకీ పందెం గుర్రాల కొట్టాలకీ మధ్య ఒకటే గోడ. అవతల గుర్రం తుమ్మితే ఇవతల మా అమ్మ 'చిరంజీవ' అనేది. నవ్వులాటకి మొదలుపెట్టిందే గానీ తర్వాత అలవాటైపోయింది.

ఊళ్ళోవాళ్ళకి పందేలంటే శనివారం మధ్యాహ్నం. ట్రాముల్లో, జట్కాల్లో దిగి, గొంతు బొంగురుపోయేదాకా అరిచి, చీకటిపడే లోపల ఇళ్ళకి పోయేవారు. మాకు మాత్రం ఏడాది పొడుగునా అదే పని. చలికాలం మంచులో గుర్రాల్ని నడిపించుకురావాలి. ఎండాకాలంలో బర్మావాళ్ళ నీళ్ళపండగ వస్తే, వీధిలో నీళ్ళు చిమ్ముకునే గోలకి అవి బెదిరిపోకుండా కొట్టాల తలుపులకి గోనెపట్టాలు కట్టాలి. ఇక రంగూను వాన సంగతి చెప్పకూడదు. పట్టిందంటే నెలల తరబడి వదలదు. ఆ నెలలన్నీ గడ్డి కడిగి, నీడన ఆరబెట్టి, డెక్కలు నానిపోకుండా పూటపూటా తుడిచి నూనె రాసేవారు. మా గుడ్డలు ఆరకపోయినా ఫరవాలేదు, గుర్రం గడ్డి ఆరాలి.

మా అయ్య సైసు. గుర్రాన్ని తోమేది, మేపేది, నడిపించేది సైసు. పందెంలో ఎక్కేవాడు వేరు, పేరొచ్చేదీ వాడికే. మా అయ్య చేతిలో ఉన్నది షాన్ కొండల నుంచి వచ్చిన పొట్టి గుర్రం, నుదుటి మీద తెల్లమచ్చ. అది గెలిస్తే ఆ వారమంతా మా అయ్య నడకే మారిపోయేది.

పక్కగదిలో ఇంకో సైసు ఉండేవాడు. నేను మావ అని పిలిచేదాన్ని. చుట్టం కాదు, గంజాం మనిషి. తనలో తాను ఒడియాలో గొణుక్కునేవాడు, మాతో తెలుగు మాట్లాడేవాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. గుర్రం కాలు నొప్పి ఎక్కడుందో చెయ్యి వేసి చెప్పగలడు. ఎవరి గుర్రమని చూసేవాడు కాదు. ఏ కొట్టంలోంచి దగ్గు వినబడినా లోపలికి పోయి చూసి వచ్చేవాడు.

మా వరసలో ఒక పద్ధతి ఉండేది. గుర్రానికి ఉలవలు ఉడకబెట్టేది మా ఇళ్ళల్లోనే. ఉడికాక పైకి తేరిన కట్టు వంచుకుంటే అది మాది. ఉలవలు గుర్రానివి. ఆ కట్టులో చింతపండు, ఉప్పు, కారం, వెల్లుల్లి వేసి మా అమ్మ చారు మరగబెడితే వరసంతా ఘుమఘుమలాడేది. మా ఊళ్ళలో పశువుల ఉలవలతో చేసే పనే, ఓడెక్కి వచ్చి ఇక్కడ గుర్రాలతో చేశాం. ముందు వంచడం, తర్వాత కారం. అంతే, అందులో పెద్ద విద్య ఏమీ లేదు.

అంత చిన్నపని నేను తలకిందులు చేశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వానలు వెనకబట్టి పెద్ద పందెం దగ్గరపడింది. మర్నాడే పందెం. అమ్మ జ్వరంతో లేవలేదు. అయ్య తెగిన తోలుపట్టీ కుట్టించడానికి పజుండౌంగ్ పేటకి వెళ్ళాడు. నేను చేసుకుంటానని గొప్పకి పోయి పొయ్యి దగ్గర కూర్చున్నాను. అమ్మకి నోరు చేదుగా ఉంది కదా, ఘాటుగా చారు పెడదామన్న ఆత్రంలో వంచకముందే కుండలో గుప్పెడు మిరపకాయలు నలిపి వేశాను, చింతపండు పిసికి పోశాను, వెల్లుల్లి దంచి వేశాను. మరిగాక కట్టు వంచి, ఉలవలు తొట్టిలో పోసి, రోజూ కలిపినట్టే బెల్లం కలిపి నేనే తీసుకెళ్ళి గుర్రం ముందు పెట్టాను. బెల్లం తీపికి అది తొట్టి నాకేసింది. నేను దాని మెడ నిమిరి మరీ వచ్చాను.

అయ్య తిరిగి వచ్చేసరికి గుర్రం నోట నురుగు. కాళ్ళు నేలకేసి కొడుతోంది, పొట్ట వైపు తిరిగి చూసుకుంటోంది, పడుకుని పొర్లుతోంది. అయ్య కేకకి అందరికంటే ముందు మావ పరిగెత్తుకొచ్చాడు. నోరు తెరిచి కడిగాడు, నడిపించాడు, పొట్ట రాశాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. గుర్రం ఊపిరిలో వెల్లుల్లి వాసన నా దాకా వచ్చింది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

గుర్రాల యజమాని అయిన దొర వచ్చాడు. పందెం ముందురోజు గుర్రం పడిపోతే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే, ఎవరో ఏదో పెట్టారని. ఈ కొట్టంలోకి పొద్దుట ఎవరు వెళ్ళారని అడిగాడు. మావ డెక్క చూడటానికి వెళ్ళడం ఇద్దరు చూశారు. పైగా మర్నాటి పందెంలో మావ గుర్రం కూడా ఉంది. నేను వెళ్ళడమూ చూసే ఉంటారు గానీ, తొమ్మిదేళ్ళ ఆడపిల్లని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

మావ రేకు పెట్టె బయటికి తెచ్చి, అందరి ముందూ బురదలో పెట్టి తెరిపించారు. రెండు పంచెలు, దువ్వెన, ఒక ఆడమనిషి గాజుల జత. మందూమాకూ ఏమీ లేవు. అయినా దొర వినలేదు. ఈ వరసలోనే కాదు, రంగూనులో ఏ కొట్టంలోనూ నీకు పని దొరకదన్నాడు. మా అయ్య తల వంచుకుని నిలబడ్డాడు. మావ బురదలో పడ్డ గాజులు తుడిచి మళ్ళీ పంచెల మధ్య పెట్టుకున్నాడు. పెట్టె ఎత్తుకునే ముందు నా వైపు చూశాడు. కోపంగా కాదు, ఏదో అడుగుతున్నట్టు. నేను కళ్ళు దించుకున్నాను. ఆయన గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఇంట్లోకి వచ్చి అమ్మకి అన్నంలో చారు పోశాను. ఆవిడ ఒక ముద్ద తిని, "బాగా పెట్టినావే గుంటా" అంది. ఆ మాటకి నా ఏడుపు ఆగలేదు.

"అమ్మా, ఉలవలు వంచకముందే కారం యేసీసినాను. గుర్రానికి ఆ ఉలవలే ఎట్టినాను."

అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఒంటి మీద జ్వరంతోనే లేచి, ఒక చేత్తో చారుకుండ, ఒక చేత్తో నన్ను పట్టుకుని కొట్టాల దగ్గరికి నడిచింది. అయ్య ఎదురొచ్చి, సంగతి విని, గొంతు తగ్గించి, "పని పోద్దే, గది పోద్ది. నోరుమూసుకుని లోనకెల్లు" అన్నాడు. అమ్మ ఆగలేదు. కుండ దొర కాళ్ళ ముందు పెట్టి నా వీపు మీద చెయ్యి వేసింది. చెప్పింది నేనే. వచ్చీరాని హిందుస్తానీలో, వెక్కుతూ.

దొర ఒక గరిటె నోట్లో పోసుకుని, దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ తర్వాత పగలబడి నవ్వాడు. వాళ్ళకది చాలా రోజులు నవ్వుకునే కథ అయింది. మాకు కాలేదు. గుర్రం బతికింది, పందెం పోయింది. అయ్యని ఆ గుర్రం నుంచి తీసేసి పేడబండికి మార్చారు. మళ్ళీ వానలు వచ్చేదాకా ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. మనిషిని పంపి మావని వెనక్కి పిలిపించారు. మర్నాడు పొద్దున్నే వచ్చి తన గుర్రాన్ని తోముకోవడం మొదలుపెట్టాడు, ఏమీ జరగనట్టే.

జరగకపోవడమేమిటి? ఆ తర్వాత ఏ కొట్టంలోంచి దగ్గు వినబడినా ఆయన తలుపు దాకా వచ్చి ఆగిపోయేవాడు. ఒకసారి మచ్చగుర్రం కాలు తాడులో చిక్కుకుని గిలగిల కొట్టుకుంటోంది. కొత్త సైసు ఎక్కడికో పోయాడు. మావ గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు గానీ లోపలికి పోవడం లేదు. నన్ను చూసి పిలిచాడు.

"గుంటా, ఇటొచ్చి నిల్సో. నానేటి సేస్తన్నానో సూడు. రేపెవులైనా అడిగితే సెప్పాల."

నిలబడ్డాను. తాడు విప్పి, కాలు ఒత్తి, బయటికొచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు వాసన నీకు తెలియలేదా అని.

"నోరు కడిగినప్పుడే తెలిసినాది. మీ ఇంటి సారు నాను తాగనిదేటి?"

"మరి సెప్పలేదేటి మావా?"

"నా నోటంట నీ పేరు రాకూడదనుకున్నాను. నీ నోటంట వస్తాదేమోనని సూసినాను." విప్పిన తాడు చుట్టచుడుతూ, "వచ్చినాదిలే. ఆలీసమైనాది" అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరం ఉంటే నేను మరిచిపోయేదాన్నేమో. లేదు. మేమక్కడ ఉన్నన్నాళ్ళూ ఆయన పరాయి కొట్టంలో అడుగుపెడితే తలుపు దగ్గర నేను ఉండాల్సిందే. ఎండలో, వానలో, ఆట మధ్యలో పిలిచినా వెళ్ళేదాన్ని. నా మీద నమ్మకంతో పిలిచేవాడో, నాకు శిక్షగా పిలిచేవాడో నాకు ఈనాటికీ తెలియదు.

ఎనభై దాటాయి నాకు. నలుగురు కలిసి ఒకరి వైపు వేలు చూపించి, లోపలికి వెళ్ళింది వీడే అంటే నేను కూర్చోలేను. లేచి వెళ్ళి, నేను చూసిందేమిటో ఎవరూ అడగకముందే చెప్పేస్తాను. అత్తకి ఊరందరి గొడవలూ కావాలని మా కోడళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. వాళ్ళకేం తెలుసు, ఒక మనిషి పెళ్ళాం గాజులు బురదలో పడేదాకా తెరుచుకోని నోరు ఇది.