మిషను గుర్తుపట్టని బొటనవేలు

ఆ ఆసుపత్రి లాండ్రీలో బొంగరం అంటే తెలియనివాళ్ళు లేరు. ఒక్కచోట కుదురుగా నిలబడదని ఎప్పుడో ఎవరో పెట్టిన పేరు అది. సబ్బునీళ్ళలో, బ్లీచింగులో దుప్పట్లు నానబెట్టి, ఉతికి, పిండి ఇన్నేళ్ళూ ఇల్లు నడిపింది. వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి, కూతురి పలక మీదే అక్షరాలు దిద్ది సంతకం నేర్చుకున్న మనిషి. అలాంటిదాన్ని పట్టుకుని, ఇకమీదట హాజరుకి సంతకం చెల్లదు, వేలిముద్రే కావాలన్నారు. తీరా వేస్తే ఆ ముద్రా పడలేదు. ఇంతకన్నా వెటకారం ఇంకోటుంటుందా?

గోడకి బిగించిన డబ్బా మీద బొటనవేలు పెడితే ఎర్రదీపం. చూపుడువేలు పెట్టినా ఎర్రదీపమే. పది వేళ్ళూ అయ్యాయి. వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి మరి, గీతలుంటేగా అది చదవడానికి. సూపర్‌వైజరు హాజరు పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

"నెలాఖరు దాకా చేత్తో రాసుకుంటానక్కా. ఆ తర్వాత మిషన్లో లేనివాళ్ళు పనిలో లేనట్టేనని పైవాళ్ళ మాట."

"ఎదురుగా నిలబడ్డా లేనట్టేనా?"

"నా చేతుల్లో ఏముందక్కా."

"నా చేతుల్లోనూ ఏమీ లేదంటోందిగా నీ మిషను."

మాటైతే విసిరింది గానీ ఇంటికొచ్చేసరికి దిగులు పట్టుకుంది. భర్త పోయాక సంపాదన తనదొక్కటే. కూతురి చదువు సగంలో ఉంది. ఈ వయసులో కొత్తగా పనెవరిస్తారని గుమ్మంలోనే కూలబడింది.

ఇంట్లో తోడుగా ఉంటున్న పెద్ద ఆడపడుచుకి ఒక అలవాటుంది. రోజూ పొద్దున్నే నువ్వుల నూనె గిన్నెను వేడినీళ్ళలో పెట్టి, నడినెత్తి నుంచి అరికాళ్ళ దాకా తనే మర్దనా చేసుకుంటుంది. "మా వదిన గోడకి సున్నం కొట్టుకుంటోంది" అని బొంగరం ఎగతాళి చేయని రోజు లేదు. ఇప్పుడా వదినే ఆమె అరచేయి తిప్పి చూసింది.

"చేయొక్కటేనా, ఒళ్ళంతా ఎండి బీటలిచ్చింది కదే. రేపట్నుంచి నువ్వూ కూర్చో."

"నాకంత తీరిక ఎక్కడిది వదినా?"

"పని పోతే బోలెడంత తీరిక. అప్పుడు చేసుకుంటావా?"

 మర్నాడు బొంగరం పీట వేసుకుని కూర్చుంది. చేతులకీ కాళ్ళకీ పొడుగ్గా రాయాలి, మోకాళ్ళ దగ్గర, భుజాల దగ్గర గుండ్రంగా తిప్పాలి, పొట్ట మీద నెమ్మదిగా, వేళ్ళు ఒక్కొక్కటీ కొస దాకా. వదిన పక్కనే కూర్చుని చెబుతుంటే, తన ఒంటిని తనే కొత్తగా చూసుకున్నట్టయింది. ఇన్నాళ్ళూ ఎన్ని దుప్పట్లు పిండిందో గానీ ఈ ఒంటి మీద ప్రేమగా చేయి వేసింది లేదు. ఏడుపొచ్చింది. నూనె కళ్ళలో పడిందని సర్దుకుంది.

తొందరమనిషి కదా, మొదటిరోజే చేతులు సరిగ్గా కడగకుండా వెళ్ళి వేలు పెట్టేసింది. డబ్బా మీద జిడ్డు పేరుకుని, వెనకున్న వాళ్ళ ముద్రలూ పడలేదు. వరుస వరుసంతా ఆమె మీద ఒంటికాలి మీద లేచింది. సూపర్‌వైజరు రుమాలుతో తుడవలేక సతమతమయ్యాడు. ఆ సంగతి విని వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వాక, పనిలో రబ్బరు తొడుగులు వేసుకోవాల్సిందేనని ఒట్టు వేయించుకుంది.

నెల గడిచేకొద్దీ చర్మం మెత్తబడింది, వేళ్ళ కొసల మీద గీతలు సన్నగా తేలసాగాయి, నడుం నొప్పి తగ్గి నిద్రా పట్టింది. దీపం మాత్రం ఎర్రగానే ఉంది. ఆమె రోజూ వేలు పెట్టేది, ఆ మిషనునీ దాని పక్కన నిలబడ్డవాణ్ణీ లోలోపలే తిట్టుకుంటూ లోపలికెళ్ళేది.

చివరిరోజు శుభ్రంగా కడిగి, తుడుచుకుని, కళ్ళు మూసుకుని బొటనవేలు పెట్టింది. పేరు నమోదైందని మిషన్లోంచి ఆడగొంతు పలికింది. కళ్ళు తెరిస్తే పచ్చదీపం. గుండెల మీంచి కుంపటి దించినట్టయి గోడకి ఆనుకుంది. తిరిగి చూస్తే సూపర్‌వైజరు కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"నీకేమైంది బాబూ?"

"రేపట్నుంచి రావద్దని నీకు నేనే చెప్పాలక్కా. ఎలా చెప్పాలో తెలీక వారం నుంచి అన్నం సయించట్లేదు."

బొంగరం అతని కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"నెలంతా నిన్ను తిట్టుకున్నాను బాబూ."

"తెలుసక్కా. నీ పెదాలు కదులుతుంటే కనిపించేది. తిట్టుకోనీ, ముద్ర పడితే చాలనుకునేవాణ్ణి."