ముగ్గుపిండితో గీసిన ఎనిమిది

ఈ పొద్దున బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, మా నాగారం కాలనీలో ఎదురింటి కొత్త కోడలు స్కూటరు నేర్చుకుంటూ కనిపించింది. మొగుడు వెనక సీటు పట్టుకుని చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగెత్తుతున్నాడు. వచ్చే వారమే లైసెన్సు టెస్టట. ఎంత ముచ్చటగా ఉందో అని పక్కింటావిడ మురిసిపోయింది, మీరు చూసినా అలాగే అందురు. నాకు మాత్రం కడుపు మండింది. అరవై దాటినా ఈ మంట చల్లారలేదంటే అది ఏనాడు అంటుకుందో చెప్పాలి కదా.

అప్పట్లో మేం శామీర్‌పేట పక్కన అలియాబాద్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన మేడ్చల్లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. పెళ్ళయిన కొత్తలో, గేర్లు లేని బండ్ల మీద ఆడవాళ్ళు ఒకరిద్దరు రోడ్డెక్కడం చూసి నాకూ నేర్పమని అడిగాను. "నీకెందుకే బండి? ఏడికన్న పోవాల్నంటే నేను లేనా?" అని నవ్వేశారు. ఆ నవ్వులో ఉన్నది ప్రేమేననుకుని ఊరుకున్నాను. రెండేళ్ళ తర్వాత నా ఆడబిడ్డకు కీసర అవతల ఒక బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. గంట కొట్టే వేళకు అందే బస్సు లేదు. సెలవులు ముగిసేలోగా రాకపోకల సంగతి తేల్చుకోకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని బడివాళ్ళు, లైసెన్సు చేతికొస్తేనే బండి కొనిస్తానని మా మామగారు. నన్ను నవ్వి ఊరుకోబెట్టిన మనిషే ఎవరి దగ్గరో బండి అడిగి తెచ్చి చెల్లెలి వెనక పరుగు మొదలుపెట్టారు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, నేనిచ్చిన చాయ్ సగం తాగి సగం వదిలేసి, చెల్లెల్ని తీసుకుని ఊరి బయట ప్లాట్లు చేసిన ఖాళీ జాగాకు వెళ్ళిపోయేవారు. నేనూ ఏదో వంక పెట్టుకుని వెళ్ళి హద్దురాయి మీద కూర్చునేదాన్ని. చెమటతో చొక్కా తడిసిపోయినా ఆయనకు విసుగు లేదు, కసురు లేదు. నా వెనక ఆయన ఒక్కసారైనా అలా పరుగెత్తారా అని లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని.

టెస్టులో అసలు గండం ఎనిమిది. నేల మీద గీసిన ఎనిమిది అంకె గీతల మధ్య, కాలు కింద ఆనకుండా బండి తిప్పాలి. మా ఆయన మేడ్చల్‌లో లైసెన్సులిచ్చే ఆఫీసుకు వెళ్ళి, అక్కడి ఎనిమిదిని అంగలతో కొలుచుకుని వచ్చి, ఒక్కో సున్నా పది అంగల వెడల్పు ఉండాలన్నారు. గీసే పని నాకే పడింది. మా వాడకట్టులో ముగ్గు వెయ్యడంలో నన్ను మించినవాళ్ళు లేరు మరి. ముగ్గుపిండి గిన్నె పట్టుకుని వెళ్ళి, పది అంగలకు బదులు ఏడే అంగలు వేసి గీశాను. ఎవరైనా అడిగితే నా అంగలు చిన్నవని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు, నా గీత మీద అందరికీ అంత నమ్మకం.

ఆ ఇరుకులో పాపం ఆ పిల్ల తిరగలేకపోయింది. తిప్పిన ప్రతిసారీ కాలు కింద పెట్టింది, రెండుసార్లు పడి మోకాలు చీరుకుంది. నాలుగో రోజు నేను ఆ దెబ్బకు పసుపు అద్దుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నాతోటి కాదు వదినె, ఇగ నౌకరి ఇడిసిపెడ్త" అంది. నేను వినాలనుకున్న మాట అదే. ఆ క్షణంలోనైనా బుద్ధి రావాలి కదా, రాలేదు. గాలికి చెరిగిన ముగ్గును మర్నాడు మళ్ళీ గీయమంటే, మళ్ళీ ఏడంగలే వేశాను.

పిల్ల మొండిది, నౌకరి మీద ఆశ వదులుకోలేదు. పది రోజులకు ఆ ఇరుకులోనే చిటికెలో తిరిగి వచ్చేది. టెస్టు నాడు మేడ్చల్ నుంచి వచ్చీరాగానే చెప్పులైనా విడవకుండా నా కాళ్ళకు దండం పెట్టింది. "వదినె గీసిన దాంట్ల తిరిగినంక, గాడ ఎనిమిది మైదానం లెక్క కనపడ్డది" అని ఇల్లంతా చాటింది. కావాలనే, తన మేలుకోరే ఇరుకుగా గీశానని ఆమె నమ్మకం. మా ఆయన నా వంక గర్వంగా చూశారు. ఆ చూపు కోసమే అన్నాళ్ళు కుళ్ళిపోయిన నేను, తీరా అది దక్కినవేళ తలెత్తలేకపోయాను. నిజం మాత్రం చెప్పలేదు. ఆ వారమే ఆడబిడ్డ, తాను నేర్పిస్తానంటూ కొత్త బండి నా ముందు ఆపింది. నాకొద్దు అన్నాను. నాకు నేర్పితే ఆయన నేర్పాలి గాని, ఆమె ఎవరు?

ఆ పంతంతోనే బతుకంతా వెనక సీటు మీద గడిచిపోయింది. ఆ ఖాళీ జాగా నిండా ఇప్పుడు మూడంతస్తుల ఇళ్ళు. ఈ కాలం పిల్లలు ఎవరి నవ్వుకూ ఆగిపోవడం లేదు, ఫోన్‌లో స్లాటు తీసుకుని తమంతట తామే వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంటున్నారు. ఆడబిడ్డ కారు కూడా నడుపుతుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కీసరగుట్టకు తీసుకెళ్ళినప్పుడల్లా, ఇప్పటికైనా నేర్చుకో వదినా అంటుంది. మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకుంటాను. ఆయన పోయి నాలుగేళ్ళయింది. నేర్పితే ఆయనే నేర్పాలన్న పంతం మాత్రం నన్నింకా వదల్లేదు.