ఎవరి ఫైలు

మదనపల్లెలో మా మేడ మీద అద్దెకున్న అమ్మాయి, చేతికి కరివేపాకు రెమ్మ ఇచ్చినా ముందు "ఎవురింటిది అవ్వా?" అని అడిగేది.

ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేసేది. ప్రోగ్రాం ఎలా వాడాలో చెప్పే పేజీలు సిద్ధం చేయించడం ఆమె పని. వాటిని కంప్యూటరే తయారుచేస్తూ, పేజీల్లో వెతుక్కునే వీలు కోసం బయటివాళ్ళ ఫైలొకటి చేర్చింది. దాన్ని కలుపుకున్నవాళ్ళు తాము రాసిందీ అందరికీ ఉచితంగా తెరిచి ఇవ్వాలన్నది ఆ ఫైలు రాసినవాళ్ళ షరతు. కంపెనీ లైసెన్సు అందుకు ఒప్పుకోదు. ఆ ఫైలు తీసేదాకా పేజీలు విడుదల చేయొద్దని ఆమె పట్టుబట్టింది.

"ఎవురు సూస్తారమ్మా?" అని మేనేజరు ఫోన్లో నవ్వాడు.

"రాసినోడు సూస్తాడు సార్."

మార్చి నెలాఖరుకు ఉద్యోగం పోయింది.

సొంతూరికి పోతూ కుప్పం బస్సెక్కే ముందు నాకు ఫోన్ చూపించింది. పేజీలు ఆ ఫైలుతోనే విడుదలయ్యాయి. అడుగున అంతా కంపెనీ సొంతమని రాసి, తయారుచేసింది తనేనని ఆమె పేరు పెట్టారు.

"నీ పేరు తీసేయమని అడగలేదామ్మా?"

"అడిగినా అవ్వా. నువ్విప్పుడు మా కంపెనీ మనిషివి కాదు పో అన్నారు."