డోరిన్ నర్సు అడిగే ఆదివారం

డోరిన్ క్లాసెన్‌కు ఒకటే జబ్బు. విదేశాలకు వెళ్ళేవాళ్ళు అక్కడ ఎలా ఉండబోతున్నామో చెబితే ఒక్క ముక్క నమ్మేది కాదు. కెనడాలోని విన్నిపెగ్‌లో ప్రయాణికులకు టీకాలు వేసే క్లినిక్కులో ఆవిడ నర్సు. ఎవరైనా వచ్చి, "హోటల్లోనే తింటాను, ఆఫీసుకే వెళ్తాను, ఇన్ని టీకాలెందుకు?" అంటే, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "శనివారం దాకా బాగానే ఉంది. ఆదివారం ఏం చేస్తావు?" అనేది.

ఆ ప్రశ్నకు పెద్ద పెద్ద మేనేజర్లు నీళ్ళు నమిలారు. ఒక పాస్టరుగారైతే, ఆదివారమంటే మనదే కదా అని ధీమాగా, "చర్చిలో ఉంటానమ్మా" అన్నాడు. "ప్రార్థనయ్యాక భోజనానికి పిలవరా?" అని ఆయనకు టైఫాయిడ్ టీకా పొడిచి పంపింది. ఇప్పటికీ ఆ కాలంవాళ్ళు ఇద్దరు కలిస్తే ఆవిడ మాట వస్తుంది, చెయ్యి జబ్బ దగ్గర తడుముకుని నవ్వుకుంటారు.

లోర్న్ హ్రిట్సాక్ ఆవిడ చేతికి చిక్కింది మంచు కరిగి వీధులన్నీ బురదైన ఏప్రిల్లో. వంతెనలు కట్టే కంపెనీలో సర్వేయరు. లావోస్‌లో ఏడాది పని పడింది. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే మనిషి కాబట్టి, జవాబులన్నీ ఇంటి దగ్గరే బట్టీ పట్టి వచ్చాడు.

"ధనుర్వాతం సూది వేస్తే చాలండీ. తిండి డబ్బాల్లో పట్టుకెళ్తున్నాను. గది, పని, మళ్ళీ గది. అంతే."

"ఆదివారం?"

"గదిలోనే. పుస్తకం చదువుకుంటాను."

"నీ కింద పనిచేసే మనిషి ఒకడుంటాడుగా. వాళ్ళమ్మ, 'పాపం, పరాయి దేశం పిల్లాడు, భోజనానికి తీసుకురా' అంటుంది. అప్పుడు?"

"రానంటాను."

"ఆవిడే గిన్నె పట్టుకుని నీ గుమ్మంలో నిలబడింది. చెప్పు, వద్దని."

లోర్న్ చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు.

"హెపటైటిస్, టైఫాయిడ్," అంది డోరిన్. "వాళ్ళిల్లు ఎక్కడ?"

"నాకేం తెలుసండీ? ఆవిణ్ణి పుట్టించింది మీరు."

"వరి పొలాల్లో. పక్కనే పందులు, బోలెడు దోమలు. మెదడువాపు టీకా. మరి, కుక్కల జోలికి పోతావా?"

"అస్సలు పోను."

డోరిన్ కిటికీలోంచి కిందికి చూపించింది. బేకరీ ముందు కట్టేసిన గోధుమరంగు కుక్క తోక ఊపుతూ ఉంది. "ఇందాక దాని చెవులు గోకిందెవరు? నేనా?"

"అది తెలిసిన కుక్కండీ."

"పేరేంటి?"

లోర్న్ మరోసారి కిందికి తొంగిచూసి దాని రంగు చూశాడు. "బ్రౌనీ అయ్యుంటుంది."

"రేబిస్ కూడా. కరిస్తే మళ్ళీ ఆసుపత్రికి ఎలాగూ పరిగెత్తాలి. కానీ ఆ లావోస్ కొండల్లోంచి చేరేలోగా ఇది కాస్త ఆదుకుంటుంది."

లోర్న్‌కు చిర్రెత్తింది. "నన్నెవరూ పిలవరండీ. ఇక్కడే పిలవరు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, ఆదివారం పూట నా తలుపు తట్టినవాడు లేడు." అనేశాక చెవులు ఎర్రబడ్డాయి.

డోరిన్ నవ్వలేదు. సూది పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"చూడు నాయనా, జబ్బు రాకూడదంటే నీ పద్ధతే మంచిది. తలుపేసుకుని డబ్బాలు తిని వచ్చెయ్యొచ్చు. నేను సూదులు వేసేది అందుక్కాదు. ఎవరైనా రమ్మంటే నువ్వు భయపడకుండా వెళ్ళి కూర్చోవాలని."

"ఎవరూ రమ్మనకపోతే?"

"చేతులు నొప్పెట్టించిందని నన్ను తిట్టుకో."

అన్నీ ఒక్కరోజులో వేసేవి కావు. రెండోసారి వెళ్ళేసరికి, డోరిన్ పుట్టించిన ఆ తల్లి మేనకోడలికి పెళ్ళి కుదిరింది. మూడోసారికి వాళ్ళ కుక్క ఈనింది.

"ఎన్ని పిల్లలు?" అని ఈసారి లోర్నే అడిగాడు.

"నాలుగు. అందులో కుంటిది నిన్ను వదలదు."

అతను నవ్వుతూ మెట్లు దిగాడు. నిజంగానే ఆ కుక్కపిల్లలకు పేర్లు ఆలోచిస్తూ విమానం ఎక్కాడు.

మరుసటి వసంతంలో హెపటైటిస్ రెండో సూదికి వచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు.

"మీరు చెప్పింది తప్పండీ," అన్నాడు కూర్చుంటూనే.

"ఎవరూ పిలవలేదా?"

"ఆవిడ ఆదివారం దాకా ఆగలేదు. మంగళవారమే వచ్చేసింది."

డోరిన్ అతని చొక్కా చెయ్యి పైకి మడిచింది. మణికట్టు నిండా మాసిన తెల్లదారాలు.

"నాతో పనిచేసే బున్మీ వాళ్ళమ్మ కట్టింది," అన్నాడు లోర్న్. "దూరం వెళ్ళేవాళ్ళు క్షేమంగా చేరాలని కడతారు. మీ ఊళ్ళో నిన్ను సాగనంపిందెవరని అడిగింది. మీ పేరు చెప్పాను."

జేబులోంచి కొత్త దారం ఒకటి తీశాడు. "మీకూ ఒకటి పంపింది."

"ఇలాంటివాటి మీద నాకు నమ్మకం లేదు," అని గొణుగుతూ డోరిన్ వాచీ పైకి జరుపుకుంది.

లోర్న్ ముడి వేయబోతే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"చెయ్యి కదపకండి," అన్నాడు.

డోరిన్ నర్సు, సూదిని చూడలేని చంటిపిల్లలా, మొహం గోడ వైపు తిప్పుకుంది.