కొండకల్ పొలిమేర దాకా

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిజాం రాజ్యం పోయింది, అది మాత్రం నన్ను విడిచి పోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. చేసింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. ఏడవను. ఏడ్చి జాలి సంపాదించుకునే రకం కాదు నేను.

మాది చేవెళ్ల. మాలవాడలో తాతల కాలంలోనే క్రీస్తును నమ్ముకున్న ఇల్లు. నేను మొయినాబాద్‌లో గుడి బడికి, అంటే చర్చి బడికి, పంతులును. దేవుని ముందర ఎక్కువ తక్కువలు లేవని పిల్లల చేత రోజూ వల్లె వేయించేవాణ్ణి. ఎదుటివాళ్ళకు చెప్పేటందుకే గదా నీతులు.

మా చెల్లెలు మార్తమ్మ యోహానును చేసుకుంటానన్నది. అతను కొండకల్ మేస్త్రి, చేవెళ్లలో మా గుడి గోడ కట్టడానికి వచ్చాడు. మంచి పనివాడు. మాదిగవాడ మనిషి. అదీ నా బాధ. ఊరు మమ్మల్ని బావి దగ్గరికి రానివ్వకపోతే అన్యాయమని మండిపడేవాణ్ణి. అతను అల్లుడై మా గడప తొక్కుతాడంటే మాత్రం నాకు ఒళ్ళు మండింది. రెండు మంటలూ ఒకే కడుపులో ఎట్లా ఇమిడాయి? ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఇమిడాయి, అంతే.

బాపు నాలుగు రోజులు అలిగి, బిడ్డ ముఖం చూసి ఒప్పుకున్నాడు. మా గుళ్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు జంట పేర్లు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలి. మొదటి ఆదివారం తల వంచుకుని విన్నాను. మర్నాడు అయ్యగారి దగ్గరికి పోయాను. మా పాస్టరుగారిని అయ్యగారంటాం. యోహానుకు ఊళ్ళో చిన్ననాటి పెళ్ళాం ఉందట, నా పేరు మాత్రం బయట పెట్టొద్దని చెప్పాను. నిజం కనుక్కుని రమ్మని ఆయన ఎవరిని పంపాడనుకున్నారు? నన్నే. అన్న కదా, పంతులు కదా, అబద్ధమాడడని.

పోయాను. కొండకల్ పొలిమేర దాకా పోయాను. జొన్నచేను గట్టు మీద కూర్చుని, తెచ్చుకున్న రొట్టె తిని, ఊళ్ళో కాలు పెట్టకుండానే తిరిగొచ్చాను. నిజమేనని చెప్పాను. యోహాను బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. వాళ్ళ వాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు. తమవాణ్ణి తాము వెనకేసుకు రారా అన్నాను. చాలామందికి ఆ మాట నచ్చింది. నచ్చుతుందని నాకు తెలుసు. తర్వాతి ఆదివారం వాళ్ళ పేర్లు చదవలేదు.

మార్తమ్మ నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నువ్వు నీ కండ్లతోని చూసినవా ఆమెను?"

"చూసిన."

"ఎట్లుంటది?"

"నల్లగ, జర పొట్టిగ ఉంటది."

లేని మనిషికి అప్పటికప్పుడు రంగూ రూపూ పెట్టాను. మార్తమ్మ నమ్మలేదు. ఆ వారమే బట్టల మూటతో యోహాను వెంట పోయింది. శంకర్‌పల్లిలో కాపురం పెట్టారు. సవతి మీదికి పోయిన బిడ్డ నాకు లేదన్నాడు బాపు. తర్వాత ఆమె రెండుసార్లు వస్తే గడప దగ్గరి నుంచే తిప్పి పంపాడు. రెండుసార్లూ నేను ఇంట్లోనే ఉన్నాను.

బాపు పరువు కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది రెండో అబద్ధం. నా కోసమే చేశాను. నాకంటే కింద ఒకరుంటే తప్ప నేనూ ఒక మనిషినని నాకు నమ్మకం కుదరలేదు. లోకమంతటి జబ్బూ ఇదేనేమో అనబోయి ఆగాను. లోకం మీదికి తోస్తే నా వంతు తగ్గుతుంది. తగ్గొద్దు. ఆ పని చేసినవాణ్ణి నేనే. అట్లా ఒప్పుకున్నాకే నడుము నిటారైంది.

మొన్న పొద్దున బాపుకు అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. దాని ఇల్లు ఎక్కడో నీకు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను, గుర్తులు చెప్పాను. కర్ర అందుకుని బయటికి నడిచి, శంకర్‌పల్లి పోయే ఎడ్లబండిని ఆపాడు. ఎక్కించబోతే నా చెయ్యి తోసేశాడు. నన్ను రమ్మనలేదు.

ఇంకా తిరిగి రాలేదు. క్షమించమని చెల్లెలికి నేను కబురు పంపలేదు. ఏ ముఖం పెట్టుకుని పంపను? చెప్పుకోవడానికి సిగ్గే గాని, బండి కనుమరుగయ్యాక ఇంట్లోకి వచ్చి, పదేళ్ళలో మొదటిసారి కడుపునిండా తిన్నాను.