మా మరిది ఎంచిపెట్టిన స్టాండు

మా మరిది పోయాడని ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు గుండె ఆగిందన్నారు. దోహా నుంచి సెలవు మీద వెళ్ళి తొమ్మిది రోజులే అయింది. నమ్మాను. దేవుడి ముందు కూర్చుని ఏడ్చాను. మరునాడు అతని భార్య ఫోన్ చేసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. తెల్లవారి మక్కజొన్న చేను గట్టు మీద నడుస్తుంటే అడవిపందుల కోసం కట్టిన కరెంటు తీగ తగిలింది. కట్టింది మా పెద్దబావగారు, అతని సొంత అన్న. పొద్దున కరెంటు తీయడం మరిచారట.

మరిచారట. ఇది చదివేవాళ్ళలో మక్క వేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసమే రాస్తున్నాను.

మా మరిది దోహాలో వేటసామాను అమ్మే దుకాణంలో పదకొండేళ్ళు పనిచేశాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా విల్లాలోనే, పక్క గదిలో ఉండేవాడు. తోడేళ్ళ వేటకనీ పందుల వేటకనీ పై దేశాలకు వెళ్ళేవాళ్ళు తుపాకీ ఆనించే మూడుకాళ్ళ స్టాండు కోసం వస్తే, దుకాణంలో అందరూ అతన్నే పిలిచేవారు. అందరికీ తేలికైనదే కావాలి. తేలికది గాలికి వణుకుతుందని ఇతను ఇచ్చేవాడు కాదు. కొనేవాణ్ణి కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద నిలబెట్టి, లేపి చూసేవాడు. నిలబడ్డప్పుడు మెడ వంగిందంటే ఆ స్టాండు పక్కన పెట్టేయడమే. మధ్యలో గొట్టం పైకి లాగేవి ఊగుతాయనేవాడు. కాళ్ళ బిగింపులు టక్కుమంటే పందులు పారిపోతాయనేవాడు. తోడేలు ఒకచోట నిలవదు కాబట్టి, దాని వేటకైతే తుపాకీ ఆనే పైతల సులువుగా తిరగాలనేవాడు.

కొత్త రకం వస్తే శుక్రవారం మా హాల్లో నిలబెట్టి, నా చీపురు దాని మీద ఆనించి చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

"పొద్దున దేవునికి గంట కొడ్తవు, పగలు తుపాకులకు కాళ్ళు అమ్ముతవు. యముడు నిన్ను ఏ వాకిట్ల నిలవెడ్తడో" అన్నాను ఒకసారి.

"స్టాండు కొన్నోడు ఆగుతడు వదినా," అన్నాడు నవ్వి. "ఆగినోడు సూస్తడు. సూసినోడు సగం సార్లు కొట్టనే కొట్టడు."

తీగ ఆగదు, చూడదు. ఈ మాట అతను అన్నతో ఫోన్లో ఎన్నిసార్లు చెప్పాడో. పందుల్ని కొట్టడానికి సర్కారు అనుమతి ఉన్న షూటర్ పక్క మండలంలో ఉన్నాడు, అతన్ని పిలుద్దామన్నాడు. ఆ షూటర్ కోసం ఒక స్టాండు కొన్నాడు. మాది నల్లరేగడి కాబట్టి మొనల కాళ్ళు దిగబడతాయని వెడల్పు రబ్బరు పాదాలున్నది వెతికాడు. కూర్చుంటే ఎంతవరకు లాగాలో, నిలబడితే ఎంతవరకో, తన ఎత్తుకు కొలిచి కాళ్ళకు ఎర్ర టేపు చుట్టాడు.

సెలవుకు వెళ్ళేనాడు పెట్టె తూకం నాలుగు కిలోలు ఎక్కువైంది. అందులో పెద్దబావగారికని నేను పెట్టిన మందపాటి దుప్పటి ఉంది. అతను స్టాండు బయటికి తీశాడు.

"దుప్పటి ఉండనీ వదినా. అన్నకు సలి ఆగదు. ఇది మల్లొచ్చినప్పుడు పట్కపోత, షూటర్‌ను గప్పుడే పిలుస్త."

సరేనన్నాను. ఆ సరే అన్నందుకు నన్ను నేను క్షమించుకోలేను.

మూడోనాడు పెద్దబావగారు మా ఆయనకు ఫోన్ చేశారు. "ఏం చేస్తం తమ్మీ, దేవుడు గట్ల రాసిండు. దోహాల ఎవరడిగినా గుండె అనే చెప్పుండ్రి." ఫోన్ స్పీకరులో ఉంది, నాకూ వినబడింది. ముప్పై ఏళ్ళలో నేను బావగారి ముందు గొంతు పెంచలేదు. ఆ రోజూ పెంచలేదు. ఫోన్ తీసుకున్నాను.

"బావా, నేను రోజు దేవునికి దీపం పెట్టేదాన్ని. ఆయన మీద ఎయ్యకుండ్రి. తీగ ఆయన కట్టలే."

ఆయన ఫోన్ పెట్టేశారు. నేను వెంటనే మరిది భార్యకు ఫోన్ చేసి, గుండె అని రాసిన ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దన్నాను. మా ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆ ఫోన్ తర్వాత అయిదోనాడు డ్యూటీ నుంచి వచ్చి, మంచం కింద నుంచి ఆ స్టాండు తీశారు. కాళ్ళు పై టేపు దాకా లాగి హాల్లో నిలబెట్టారు. తర్వాత అన్నకు ఫోన్ చేసి, "తీగనే అని పోలీసులకు చెప్పు. నువ్వు చెప్పకుంటే నేనే వచ్చి చెప్త" అన్నారు.

స్టాండు అక్కడే ఉంది. అది మరిది నిలబడి నా చీపురు ఆనించి చూసే ఎత్తు. నాకు గడ్డం దాకా వస్తుంది, పైన ఏమీ లేదు. రోజూ దాని మూడు పాదాల చుట్టూ ఊడుస్తున్నాను, కదపకుండా.